రెండెకరాలు అమ్మి అమీర్‌పేట పంపాలా?

ప్రశ్న: సార్, మాది జగిత్యాల జిల్లా, మల్లాపూర్ దగ్గర పల్లె. నాయినకు రెండెకరాల ఇరవై గుంటల పొలం ఉంది. అమ్మ ఇంట్లోనే ఉంటుంది, బీడీలు చేస్తుంది. నేను ప్రైవేటు బళ్లో టీచర్‌ని. తమ్ముడు మెకానికల్ డిప్లొమా చేసి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. చెల్లెలు బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. రాష్ట్ర సంపాదనలో మూడింట రెండొంతులు సేవల రంగం నుంచే వస్తోందని పేపర్లో చదివినప్పటి నుంచి నాయిన పొలం అమ్మి తమ్ముణ్ణి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుకు పంపుతానంటున్నాడు. మామయ్యేమో దుబాయ్ అంటున్నాడు. తమ్ముడు గ్రూప్స్ రాస్తానంటున్నాడు. అసలు మన రాష్ట్రంలో ఏ రంగంలో ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నాయి? ఎటు పంపమంటారు?

జవాబు: అమ్మా, పొలం కాగితాలు బీరువాలోంచి తీయొద్దని ముందు నాయినతో చెప్పండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం. నేను పింఛను తింటున్నవాణ్ణి, నాకు తొందర లేదు. ఈ ఒక్క సంగతిలో మీ ఇంటికి కూడా తొందర పనికిరాదు.

పేపర్లో చదివింది అబద్ధం కాదు. 2024-25 లెక్కల ప్రకారం తెలంగాణ సంపాదించే ప్రతి నూరు రూపాయల్లో 66 సేవల రంగానివి. వ్యవసాయం, పశువులు, చేపలు అన్నీ కలిపి 17. ఫ్యాక్టరీలు, గనులు, కరెంటు, నిర్మాణం అన్నీ కలిపి 16 చిల్లర. కాకపోతే ఇది పైసల లెక్క. మనుషుల లెక్క కోసం ఇంకో పుస్తకం తెరవాలి. పీఎల్‌ఎఫ్‌ఎస్ అని 2017 నుంచి దేశమంతటా ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి, ఎవరు ఏ పని చేస్తున్నారో అడిగి రాసుకునే ప్రభుత్వ సర్వే ఒకటుంది. అందులో చూస్తే మన రాష్ట్రంలో పనిచేసే నూరుమందిలో నలభైమందికి పైగా ఇప్పటికీ వ్యవసాయంలోనే ఉన్నారు. సేవల్లో ఉన్నది మూడోవంతు మంది. మిగిలినవాళ్లు ఫ్యాక్టరీలు, నిర్మాణ పనుల్లో ఉన్నారు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకోండి. నలభైమందికి పైగా కలిసి పదిహేడు రూపాయలు పంచుకుంటున్నారు. నాయినకు సేద్యం మీద విసుగు ఎక్కడ పుట్టిందో ఇక్కడే కనిపిస్తుంది, ఆయన్ని తప్పు పట్టలేం. మరి ఆ అరవై ఆరు రూపాయలు ఎవరెవరు పంచుకుంటున్నారు? అది పేపర్లో రాయలేదు.

సేవల రంగం అనగానే మన కళ్లముందు గచ్చిబౌలి అద్దాల మేడలు నిలబడతాయి. లెక్కల పుస్తకంలో మాత్రం ఆ పేరు కింద కోరుట్ల బస్టాండు దగ్గరి మిర్చి బండి ఉంది. మెట్‌పల్లి బట్టల కొట్టులో చీరలు మడతపెట్టే పిల్ల, ఆటో డ్రైవరు, ఆర్టీసీ కండక్టరు, దవాఖాన ఆయమ్మ, బ్యాంకు మేనేజరు, వీపున తిండి సంచి వేసుకుని బైకు మీద ఉరికే కుర్రాడు, మంగలి, పురోహితుడు, కలెక్టరుగారు, అందరూ దాని కిందే. మీరూ అక్కడే ఉన్నారమ్మా, ప్రైవేటు బడి పంతులమ్మగా. సేవల్లో చేరినంత మాత్రాన డబ్బు వచ్చేటట్టయితే అది మీ ఇంటికి ఈపాటికే వచ్చి ఉండాలి. మీ జీతం ఎంతో నేను అడగను.

సాఫ్ట్‌వేర్ పెరగలేదని కాదు. రాష్ట్రం ఏర్పడ్డ 2014 నాటికి ఐటీలో ఉన్నవాళ్లు 3 లక్షల 23 వేలు. 2022-23 వచ్చేసరికి ప్రభుత్వం చెప్పిన లెక్క 9 లక్షల 5 వేలు దాటింది. తొమ్మిదేళ్లలో దాదాపు మూడింతలు, చిన్న సంగతి కాదు. కానీ 2011 జనగణనలోనే ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్లు 1 కోటి 63 లక్షల మంది. అంత పాత సంఖ్యతో పోల్చినా ఐటీ వాళ్లు నూటికి ఐదారుగురే అవుతారు. అదే జనగణనలో వ్యవసాయ కూలీలు 59 లక్షలు, సొంతంగా సాగు చేసేవాళ్లు 31 లక్షలు. డబ్బు ఒక చోట పోగవుతోంది, మనుషులు ఇంకోచోట ఉన్నారు. మన రాష్ట్రపు పని ముఖచిత్రం క్లుప్తంగా ఇదీ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ‘ఏ రంగం’ అని అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా గణాంకాల పనిలో ఊళ్లు తిరిగినవాణ్ణి. ఎండలో చెప్పులరిగేలా తిరిగి, అరుగుల మీద కూర్చుని, ప్రతి ఇంట్లోనూ రెండు ప్రశ్నలు వేరువేరుగా అడిగేవాళ్లం. మీరు పనిచేసే చోట ఏం జరుగుతుంది? ఆ చోట మీ చేతులు ఏం చేస్తాయి? మొదటి జవాబు పరిశ్రమ గడిలోకి వెళ్తుంది. దానికి 2008 నాటి జాతీయ వర్గీకరణ పుస్తకం ఉంది, సాగు నుంచి రాయబార కార్యాలయం దాకా 21 విభాగాలతో. రెండో జవాబు వృత్తి గడిలోకి. దానికి 2015 నాటి పుస్తకం వేరు, తొమ్మిది పెద్ద విభాగాలతో. పై అధికారులు, మేనేజర్లు ఒకటోది. డాక్టరు, ఇంజనీరు, లాయరు లాంటివాళ్లు రెండు. టెక్నీషియన్లు మూడు. గుమాస్తాలు నాలుగు. అమ్మకాలు, వంట, కాపలా వంటివి ఐదు. సాగు, చేపల నైపుణ్యం ఆరు. మేస్త్రీ, వడ్రంగి, ఫిట్టర్, దర్జీ ఏడు. యంత్రాలు, వాహనాలు నడిపేవాళ్లు ఎనిమిది. బరువులు మోసేవాళ్లు, కూలీలు తొమ్మిది.

ఈ రెండు గళ్లూ కలిపి చదివితేనే మనిషి బతుకు అర్థమవుతుంది. ఒక్కటే చదివితే మోసపోతాం. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ మనిషిని తీసుకోండి. అతన్ని పెట్టింది కాపలా ఏజెన్సీ, కాబట్టి అతన్ని రాసేది సేవల కిందే. ఇరవై ఏళ్ల కింద అదే గేటులో, అదే కుర్చీలో, కంపెనీ జీతం మీద కూర్చున్న మనిషిని ఫ్యాక్టరీ కార్మికుడిగా రాసేవాళ్లం. క్యాంటీన్ కాంట్రాక్టుకిస్తే వంటవాడూ అలాగే దాటిపోతాడు. పరిశ్రమల్లో ఉద్యోగాలు తగ్గి సేవల్లో పెరిగాయని పేపర్లో గీతలు గీసి చూపిస్తారు చూశారా, అందులో కొంత భాగం మనుషులు కదలకుండానే జరిగిన మార్పు. కదిలింది జీతం ఇచ్చే చెయ్యి, దాంతోపాటు కొన్నిసార్లు పీఎఫ్ కూడా.

సరే, మీ ఊరి పక్కకే వద్దాం. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మీకు నాకంటే బాగా తెలుసు. బోధన్‌లో 1930లలో మొదలైన నిజాం షుగర్స్, 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు చోట్లా తాళం పడింది. అందులో పనిచేసిన ఇద్దరిని నేనెరుగుదును. ఒకాయన పాన్‌మన్. చెరకు రసం మరిగి మరిగి ఏ క్షణాన గింజ కడుతుందో కంటితో చూసి, రెండు వేళ్ల మధ్య రాసి చెప్పగల మనిషి. పదిహేనేళ్లు పడుతుంది ఆ విద్య పట్టుబడడానికి. ఇంకొకాయన ఎలక్ట్రీషియన్, పాన్‌మన్ కంటే తక్కువ జీతం వాడు. తాళం పడ్డాక ఎలక్ట్రీషియన్ కరీంనగర్‌లో ఒక పెద్ద దవాఖానలో చేరాడు, జనరేటర్లు, లిఫ్టులు చూసుకుంటూ. తర్వాత కొన్నాళ్లు రైసు మిల్లు, ఆ తర్వాత అపార్టుమెంట్లు. పాన్‌మన్‌కు చక్కెర మిల్లు తప్ప ఇంకెక్కడా పనిలేదు. మహారాష్ట్రలో సీజనుకు పిలిస్తే కొన్నాళ్లు వెళ్లొచ్చి, వయసు మీదపడి ఊళ్లో కిరాణా పెట్టుకున్నాడు. ఇద్దరిదీ ఒకే రంగం, ఒకే గేటు, ఒకే రోజు పడ్డ తాళం. ఒకాయన పని ఇంకో పది గేట్లలోకి నడుచుకుంటూ వెళ్లింది, రెండో ఆయన పని ఆ గేటు లోపలే ఉండిపోయింది.

కాబట్టి నన్ను అడిగితే తమ్ముడికి రంగం వెతకొద్దు. అతని చేతికి పది రంగాల్లో అడిగే పని ఏదో వెతకండి.

సింగరేణి ఇంకో కోణం చూపిస్తుంది. మీ అమ్మమ్మ కాలంలో సింగరేణి కొలువంటే పిల్లనివ్వడానికి ఇంకేం అడిగేవాళ్లు కాదు. తొంభైల మొదట్లో ఆ కంపెనీలో లక్షమందికి పైగా ఉండేవాళ్లు. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు 40 వేల చుట్టూ. బొగ్గు తగ్గిందా అంటే లేదు. 2023-24లో 70 మిలియన్ టన్నులు తీశారు, ఆనాటికి మూడింతలు దాటి. భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్ అనే వృత్తే మాయమైపోయింది. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్ నడిపేవాడు, షావల్ ఆపరేటరు, వాటిని బాగుచేసే ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ మిగిలారు. మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టులకు వెళ్లింది. తొమ్మిదో విభాగం కరిగిపోయి ఏడూ ఎనిమిదీ నిలబడ్డాయి. సంస్థ పెరిగితే ఉద్యోగాలు పెరుగుతాయని అనుకోకూడదని అందుకే అంటాను. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి, 2021లో కొత్త యంత్రాలతో, కొత్త పేరుతో మళ్లీ మొదలైనప్పుడు కూడా పాత కాలనీ అంతా తిరిగి నిండుతుందని ఆశపడ్డవాళ్లున్నారు. కొత్త ప్లాంటుకు అంతమంది అక్కర్లేదు.

ఇక ‘ఖాళీగా ఉన్నాడు’ అన్నమాట గురించి. తమ్ముడు పొద్దున్నే మోటరు వేసి, మడికి నీళ్లు పెట్టి వస్తాడా? వస్తే సర్వేలో అతను నిరుద్యోగి కాడమ్మా. గడిచిన వారంలో ఒక్కరోజు, ఒక్క గంట పనిచేసినా వారపు లెక్కలో పని ఉన్నట్టే. జీతం లేకుండా ఇంటి సేద్యంలో సాయపడేవాడికి వేరే గడి ఉంది, అందులో రాస్తారు. రాష్ట్రంలో నిరుద్యోగం నాలుగైదు శాతమే అంటే నమ్మబుద్ధి కాకపోవడానికి ఇది ఒక కారణం. రెండోది, పేదవాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమత లేదు. ఏదో ఒక పనికి పోతాడు. వెతుక్కుంటూ కూర్చోగలిగేది ఇంట్లో ఎవరో ఒకరు తిండి పెడుతున్న చదువుకున్న పిల్లలే, అందుకే చదువు పెరిగిన కొద్దీ నిరుద్యోగ శాతం కూడా పెరిగి కనిపిస్తుంది. మీ తమ్ముడు ఏడాది కూర్చోగలిగాడంటే దాని వెనుక మీ జీతం, అమ్మ చుట్టిన బీడీలు ఉన్నాయి. ఆ మాట అతనికి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

మూడు సలహాలు వచ్చాయన్నారు కదా, ఒక్కొక్కటే చూద్దాం.

అమీర్‌పేట. కోడింగు మీద అతనికి నిజంగా ఇష్టముంటే, డిప్లొమా చదివే రోజుల్లోనే ఏదో ఒకటి రాసి చూసి ఉంటే, నేను అడ్డం చెప్పను. కానీ మీ ఉత్తరంలో అది నాయిన కోరికగానే ఉంది. ఆరునెలల కోర్సు చేసిన డిప్లొమా కుర్రాడు అక్కడ పోటీ పడేది నాలుగేళ్ల బీటెక్ చేసినవాళ్లతో. వాళ్లకే ఇప్పుడు సులభంగా లేదు. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలోనూ మొత్తం ఉద్యోగుల సంఖ్య అంతకుముందు ఏడాది కంటే తగ్గింది. పొలం అమ్మి కొనుక్కోవాల్సిన విద్య కాదు అది. నేర్చుకోవాలనుంటే ఇంట్లో కూర్చుని ఫోను ఖర్చుతో మొదలుపెట్టవచ్చు. మూడు నెలల తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే అప్పుడు మాట్లాడదాం.

దుబాయ్. మీ వైపు ప్రతి వాడకట్టులోనూ ఒక గల్ఫ్ ఇల్లు ఉంటుంది, ఎవరు బాగుపడ్డారో ఎవరు ఖల్లివల్లి అయి, అంటే సరైన కాగితాలు లేక, దాక్కుని తిరిగారో నేను చెప్పక్కర్లేదు. అక్కడ కూడా అడగాల్సింది ‘ఏ పని మీద?’ అనే. హెల్పర్ వీసా మీద వెళ్తే తొమ్మిదో విభాగం, తిరిగొచ్చాక చేతిలో కొత్త విద్య ఉండదు. రెండుమూడేళ్లు ఇక్కడ ప్లాంటులో చేసి, అనుభవ పత్రంతో మెకానికల్ టెక్నీషియన్‌గా వెళ్తే ఆ బేరం వేరు. ఇప్పుడైతే వద్దు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తానన్న ఏజెంటును అసలు గడప ఎక్కనివ్వొద్దు.

గ్రూప్స్. 2022లో ఇచ్చిన గ్రూప్-4 నోటిఫికేషన్‌లో 8 వేల పైచిలుకు కొలువులకు 9 లక్షల 50 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో కుర్చీకి వందమందికి పైన. ఆ కొలువులకు డిగ్రీ అడుగుతారు, ముందు అర్హత చూసుకోమనండి. ఉంటే రాయొద్దని అనను. రాస్తూ ఇంకే పనీ చేయకుండా ఏళ్లకేళ్లు గడిపేసి, ముప్పై దాటాక అనుభవం గడిలో ఏమీ లేకుండా నిలబడ్డ పిల్లల్ని చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కల చాలామందిని చూశాను. పైగా అతనికి అందరితో పాటు గుంపులో నిలబడాల్సిన అవసరం లేదు. రైల్వే జూనియర్ ఇంజనీరు పరీక్ష లాంటివి డిప్లొమాతోనే రాయొచ్చు, అక్కడ పోటీ పడేది ఇంజనీరింగు చదివినవాళ్లే. పనిచేస్తూ రాత్రిపూట వాటికి చదవమనండి.

మరి ఏం పని? మెకానికల్ డిప్లొమా మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది, దాన్ని ఎక్కడా వాడకపోవడం మీదే కోపం. మెయింటెనెన్స్ అనే పనిని తీసుకోండి. పంపులు, కంప్రెసర్లు, బాయిలర్లు, కన్వేయర్లు ఆగకుండా చూడడం. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు చేసే చోట ఆ పని ఉంది. ఆదిబట్లలో హెలికాప్టరు భాగాలు చేసే చోట ఉంది. పాశమైలారం మందుల కంపెనీలో ఉంది, రామగుండం ఎన్‌టీపీసీలో ఉంది, కరీంనగర్ పాల డైరీలో ఉంది, జగిత్యాల రైసు మిల్లులో కూడా ఉంది. రైసు మిల్లు అని నవ్వొద్దు. నల్లగింజను కెమెరాతో పట్టి గాలితో ఊదేసే సార్టెక్స్ యంత్రం ఆగిపోతే మిల్లు యజమాని ఎవరికి ఫోను చేస్తాడు? దూరం నుంచి మనిషి వచ్చేదాకా లారీలు వరసకట్టి నిలబడతాయి. వరికోతల్లో హార్వెస్టరు ఆగినా ఇదే కథ. సేద్యంలో ఇంతమంది ఉన్న రాష్ట్రంలో సేద్యపు యంత్రాలు బాగుచేసే మంచి చెయ్యి మండలానికి నలుగురు కూడా దొరకరని నా అనుభవం. ఇలాంటి పని ఏ రంగంలో పడిపోయినా ఇంకో రంగం పిలుస్తుంది, ముత్యంపేట ఎలక్ట్రీషియన్‌ను పిలిచినట్టు.

అక్కడికి దారి అప్రెంటిస్‌షిప్. 1961 చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన బలగంలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. డిప్లొమా వాళ్లకు నాట్స్ అని కేంద్ర పోర్టల్ ఉంది, అందులో పేరు నమోదు చేయించండి. ఏడాది పాటు ఇచ్చేది స్టైపెండే, కడుపు నిండే జీతం కాదు. కానీ ఆ ఏడాది చివర ఒక కాగితం వస్తుంది, రెంచి పట్టిన చేతికి పేరు వస్తుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: అప్రెంటిస్ పేరుతో ఏడాదంతా డబ్బాలు మోయించే చోటు కూడా ఉంటుంది. చేరేముందు అక్కడ పోయినేడు చేసిన పిల్లవాణ్ణి పట్టుకుని అడగమనండి.

డబ్బు పెట్టక తప్పదనుకుంటే హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఉంది, సీఐటీడీ అంటారు. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు, అచ్చులు, డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద చిన్న కోర్సులు పెడతారు. నాయినకు ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట కావాలంటే అందులోనూ ఉంది! బాలానగర్, జీడిమెట్ల అన్నాక ఒక ముచ్చట. అరవైలలో అక్కడ ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్, ఆ పక్కన రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఇటు ఈసీఐఎల్ వచ్చాయి. ఆ పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులు వందలుగా పుట్టాయి. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు బయటికి వచ్చి సొంత మందుల కంపెనీలు పెట్టారు, డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారు వాళ్లలో ఒకరు. ఐడీపీఎల్ మూతపడింది. అక్కడ నేర్చుకున్న పని మాత్రం ఇవాళ ఊరూవాడా నడుస్తున్న మందుల పరిశ్రమ అయింది. ఉత్తరం దారి తప్పుతోంది, సరే.

మీ దగ్గర్లోని ఐటీఐని కూడా ఒకసారి చూసి రండి. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త యంత్రాలతో అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. బోర్డు చూసి రాకండి, లోపలికి వెళ్లి యంత్రం తిరుగుతోందా, నేర్పేవాడు ఉన్నాడా చూడండి.

చెల్లెలి సంగతి మీరు అడగలేదు. అడగకపోవడం నాకు కొంచెం బాధనిపించింది, ఎందుకంటే మీ ఇంట్లో చదువుకు తగ్గ పని ముందుగా దొరికేది ఆ అమ్మాయికే కావచ్చు. మందుల కంపెనీల్లో బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లను క్వాలిటీ కంట్రోల్‌లో తీసుకుంటారు, సరకు శుభ్రతను పరీక్షించి రాసే పని. సరకులో ఏ పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం మీద చెయ్యి తిరిగితే ఆ విద్య కూడా ఒక గేటుకు కట్టుబడి ఉండదు. ఆహార పరీక్ష, నీళ్ల పరీక్ష, పురుగుమందుల ల్యాబు, అన్నిచోట్లా అదే యంత్రం. మొదటి జీతం తక్కువే ఉంటుంది, షిఫ్టులుంటాయి. రాత్రి షిఫ్టుకు ఆమె ఒప్పుకోవాలి, భద్రతకు ఏర్పాటు కంపెనీ చూపాలి.

ఇక్కడ భయపెట్టే మాట కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 21న ఆంధ్రప్రదేశ్‌లోని అచ్యుతాపురంలో మందుల కంపెనీ పేలుడులో 17 మంది పోయారు. 2025 జూన్ 30న మన పాశమైలారంలో 40 మందికి పైగా పోయారు, చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. తమ్ముడైనా చెల్లెలైనా చేరేముందు జీతం కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. జీతం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా? ఈఎస్‌ఐ, అంటే జబ్బు చేస్తే వైద్యం చూసే బీమా, ఉందా? నెలకు 21 వేల లోపు జీతమైతే అది హక్కు. పీఎఫ్ నంబరు మొదటి నెలలోనే ఇస్తారా? భద్రత మీద మొదటి వారం ఎవరు ఏం నేర్పుతారు? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం నియామక పత్రం చేతికివ్వడం తప్పనిసరి. కాగితం ఇవ్వం గానీ పనిలోకి రమ్మంటే, వాళ్లు చెప్పే మిగతా మాటల విలువ కూడా అంతే.

పొలం ఎందుకు అమ్మొద్దన్నానో ఇంకా చెప్పలేదు కదూ. ఇప్పుడు చెప్పినవాటిలో దేనికీ రెండెకరాల డబ్బు అక్కర్లేదు. అదొక్కటే కారణం. రేపు అతను మిల్లు యంత్రాల మరమ్మతు షాపు పెడతానంటే, అప్పుడు ఆ పొలం మీద బ్యాంకు అప్పు పుడుతుంది.

చివరగా అమ్మ గురించి. ‘ఇంట్లోనే ఉంటుంది, బీడీలు చేస్తుంది’ అని ఒకే ఊపిరిలో రాశారు. నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఈ వాక్యం విన్నాను. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, వేళ్లు ఆగకుండా చుట్టుతూనే ఉంటాయి. ‘ఏం పని చేస్తవమ్మా’ అంటే ‘ఏం జేస్త సారూ, ఇంట్లనే ఉంట’. పక్కనుంచి మొగుడు ‘దాన్నేం రాసుకుంటరు, నన్ను రాసుకోండ్రి’ అనేవాడు. నేను కూడా కొత్తల్లో అలాగే రాసుకుని వచ్చేవాణ్ణి. తర్వాత పెద్దసారు ఒకాయన చివాట్లు పెడితే నేర్చుకున్నాను. వర్గీకరణ పుస్తకంలో మీ అమ్మ పరిశ్రమ పొగాకు ఉత్పత్తుల తయారీ. వృత్తి ఏడో విభాగం, చేతిపనివాళ్లది, ఫిట్టర్ ఉండే విభాగమే. మీ ఇంట్లో ఇప్పటికే ఫ్యాక్టరీ సరకు తయారుచేస్తున్న మనిషి ఆమె ఒక్కతే, మీరేమో తయారీ రంగంలో ఎవరూ లేరన్నట్టు రాశారు. కార్ఖానాలో ఆమె పేరు మీద పీఎఫ్ కడుతున్నారా, కార్డు ఉందా, ఆకు తరుగు పేరుతో వెయ్యి బీడీలకు ఎంత కోస్తున్నారో ఈ ఆదివారం కూర్చుని అడగండి. రాష్ట్రం ఇచ్చే బీడీ కార్మికుల పింఛనుకు కూడా ఆ పీఎఫ్ కాగితమే ఆధారమవుతుంది.

2027 ఫిబ్రవరిలో జనగణన వాళ్లు మీ గడపకు వస్తారు. అమ్మ వరస వచ్చేసరికి నాయిన ‘ఇంటి పని’ అని చెప్పేస్తాడు, ముప్పై ఏళ్లకు పైగా చూశాను కాబట్టి నాకు తెలుసు. ఆరోజు మీరు ఇంట్లో ఉండండి.